జనకుడి ఆకలి, జువాంగ్జి రెక్కలు

కల నిజమా, మెలకువ నిజమా అని అడిగే కథల్లో నాకు రెండంటే ప్రాణం. ఒకటి మన జనక మహారాజుది. రెండోది క్రీస్తు పూర్వం 4వ శతాబ్దపు చైనా తాత్వికుడు జువాంగ్జి పేరుతో ఉన్నది.

జువాంగ్జి కథ కొద్ది వాక్యాలే. కలలో సీతాకోకచిలుకై హాయిగా ఎగిరాడు, తానెవరో గుర్తే లేదు. లేచి చూస్తే మళ్లీ మనిషే. కలగన్నది మనిషా, లేక సీతాకోకచిలుకే ఇప్పుడు మనిషినని కలగంటోందా? రెంటికీ తేడా ఉండాలంటాడు గానీ, ప్రశ్నను మాత్రం తేల్చడు.

జనకుడి కథకు ఆకలి ఉంది. నేను విన్న కథలో ఆయన కలలో యుద్ధం ఓడి, రాజ్యం పోయి, తిండి లేక ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. అన్నసత్రానికి చేరేసరికి గిన్నె అడుగున మాడు మెతుకులే మిగిలాయి. అవైనా చాలని చేతిలోకి తీసుకుంటాడు. ముద్ద నోటిదాకా వచ్చేలోపు గద్ద తన్నుకుపోతుంది. కెవ్వున అరిచి లేస్తే పట్టుపరుపు, పరుగెత్తుకొచ్చిన సేవకులు. ఇది నిజమా, అది నిజమా? రెండూ కాదు, రెంటినీ చూసిన నువ్వే నిజం అంటాడు అష్టావక్ర ముని.

వేదాంతంగా ఆ జవాబుకు తిరుగులేదు. కానీ జవాబు రాగానే కథ పాఠమైపోతుంది. జువాంగ్జి కథ అలా కాదు, చదివాక కూడా మనల్ని వదలదు. అయితే ఆ కలలో పోగొట్టుకున్నదేమీ లేదు, అందుకే గుండెకు తగలదు. మాడు మెతుకులు తగులుతాయి.

నేనే రాస్తే, అష్టావక్రుడు రాకముందే, పరుపు మీద కూర్చుని ఖాళీ అరచెయ్యి చూసుకుంటున్న జనకుడి దగ్గర ఆపేస్తాను.