రెండు గ్లాసుల నీళ్లు చూపించి ఫిల్టర్ అంటగడుతున్నారు, జాగ్రత్త

నల్గొండలో ఇంటింటికీ తిరిగి వాటర్ ఫిల్టర్లు అమ్మేవాళ్లు వస్తే తలుపు దగ్గరే ఆపండి. పోయిన వారం మా ఇంట్లో జరిగింది చెబుతున్నా.

నేను డ్యూటీలో ఉన్నాను, ఇంట్లో అత్తమ్మ ఒక్కతే ఉంది. మెడలో కార్డులు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు "నీళ్లు ఫ్రీగా టెస్ట్ చేస్తాం" అని లోపలికి వచ్చారు. ఒక గ్లాసులో మా నల్లా నీళ్లు, ఇంకో దాంట్లో వాళ్ల సీసా నీళ్లు పోసి, ఇనుప కడ్డీలున్న చిన్న మిషన్ పెట్టి కరెంటు ఇచ్చారు. కాసేపటికి మా నీళ్లు తుప్పు రంగుకు తిరిగి తెట్టు కట్టాయి. వాళ్లవి తేటగానే ఉన్నాయి. "చూడమ్మా, ఇదంతా ఫ్లోరైడే. మీ మనవడు తాగేది ఇదే" అన్నారట.

అత్తమ్మది మర్రిగూడ వైపు. అక్కడ ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన నడుములు, వంకరపోయిన కాళ్లు చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. ఆ మాటకే ఆమెకు చేతులు వణికాయి. కోడలు వచ్చాక చూద్దాం బిడ్డా అన్నా వాళ్లు కదల్లేదు. ఊరికే పెట్టి చూపిస్తామంటూ గోడకు రంధ్రాలు వేసి బిగించేశారు. బిగించాక వాపసు లేదన్నారు. ఆధార్ తీసుకుని, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పించుకున్నారు. సాయంత్రం చూస్తే ఆమె పేరు మీద లోను. బిల్లు మాత్రం లేదు.

ఫ్లోరైడ్‌కు రంగు ఉండదు. నీళ్లలోని లవణాల వల్ల కరెంటు పారి ఆ ఇనుప కడ్డీయే కరిగి తుప్పు పడుతుంది. వాళ్ల సీసాలోవి ఆర్ఓ నీళ్లు, అంటే సన్నటి పొర గుండా వడకట్టినవి. వాటిలో లవణాలు తక్కువ కాబట్టి రంగు రాదు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు కూడా ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పదు. ఆర్ఓ ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది, కాదనను. కానీ ముందు నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటితే తాగకూడదు.

అబద్ధం చెప్పి అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం, రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, లోను కంపెనీకి కూడా రాశాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

అత్తమ్మ ఇంకా తనదే తప్పని బాధపడుతోంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే ఈ సంగతి ఈ రోజే చెప్పండి. వాళ్లు మీ ఇంటికొస్తే, ఆ సీసా నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కరెంటు పెట్టమనండి. అవీ తుప్పు రంగుకే తిరుగుతాయి.