కాసాండ్రానా, మాంగోడీబీనా: పడిపోయిన నోడ్ తిరిగి లేచిన రోజు ఏది మేలు?

కాసాండ్రా, మాంగోడీబీ రెండూ డేటాబేస్‌లే. నోడ్లు అనే కొన్ని సర్వర్లని ఒక గుంపుగా (క్లస్టర్) కలిపి డేటాని వాటిలో కాపీలుగా ఉంచుతాయి. ఆరేళ్లుగా కాసాండ్రా క్లస్టర్ నడుపుతున్నవాణ్ణి, కొత్త ప్రాజెక్టుకి మాంగోడీబీ తీసుకున్నాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి "అన్నా, కాసాండ్రా ఎందుకు వద్దనుకున్నావు? ఏది మేలు?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. రెప్లికా అంటే డేటా కాపీ, క్వోరమ్ అంటే ఆ కాపీల్లో సగానికి మించి ఒప్పుకోవడం, షార్డ్ అంటే డేటాని ముక్కలుగా పంచినప్పుడు ఒక్కో ముక్క.

సెకనుకి ఎన్ని రైట్లు (డేటా రాయడాలు) అనే లెక్కలోకి నేను వెళ్లను. మనలో ఎక్కువమంది చూసుకునేవి మూడు నుంచి పది పన్నెండు నోడ్ల క్లస్టర్లు. డేటా మోడల్ సరిగ్గా ఉంటే ఆ లోడ్‌ని రెండూ మోస్తాయి.

తర్వాత అందరూ అడిగేది నోడ్ పడిపోతే ఏమవుతుందని. ఇందులో కాసాండ్రాదే పైచేయి. దానికి ప్రైమరీ, అంటే రైట్లన్నీ తీసుకునే ముఖ్య నోడ్ అంటూ ఉండదు, అన్ని నోడ్లూ సమానమే. మూడు కాపీలు పెట్టుకుని లోకల్ క్వోరమ్‌తో (అదే డేటాసెంటర్‌లోని కాపీల్లో మెజారిటీతో) చదివి రాస్తుంటే, ఒక నోడ్ పోయినా అప్లికేషన్‌కి దాదాపు తెలియదు. మాంగోడీబీలో ప్రైమరీ పోతే కొత్త ప్రైమరీ ఎన్నిక జరగాలి. డీఫాల్ట్ టైమవుట్ 10 సెకన్లు కాబట్టి మామూలుగా 12 సెకన్లలోపు తేలిపోతుంది. ఆ కాసేపు రైట్లు ఆగుతాయి. డ్రైవర్‌లో రీట్రై ఆన్‌లో ఉంటే యూజర్‌కి కొంచెం ఆలస్యంగా అనిపిస్తుంది, అంతే. మాకు ఆ పన్నెండు సెకన్లు పెద్ద విషయం కాదు.

నా వరకు అసలు తేల్చుకోవాల్సిన సంగతి వేరే ఉంది. పడిన నోడ్ తిరిగి లేచినప్పుడు ఏం జరుగుతుంది? ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది.

అప్పట్లో మాది ఆరు నోడ్ల కాసాండ్రా. దసరా సెలవుల ముందు ఒక సర్వర్ మదర్‌బోర్డు పోయింది. మిగతా ఐదు బాగానే నడుస్తున్నాయి కదా అని ఎవరూ తొందరపడలేదు. బోర్డు వచ్చి, బిగించేసరికి 13 రోజులైంది. ఆ రాత్రి షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు సర్వీస్ స్టార్ట్ చేసి, నోడ్ల స్థితి చూపించే నోడ్‌టూల్ స్టేటస్ కమాండ్ కొట్టాడు. డీఎన్ (పడి ఉంది) అని ఉన్న లైను యూఎన్ (నడుస్తోంది) అయింది. ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెడితే అందరం సంతోషించాం. ఇల్లు అలకగానే పండగ కాదని మర్నాడు మధ్యాహ్నం తెలిసింది. ఇల్లు మారి పాత అడ్రస్ డిలీట్ చేసుకున్న ఒక కస్టమర్‌కి ఆ అడ్రస్ మళ్లీ లిస్టులో కనిపించింది, పార్సిల్ పాత ఇంటికి వెళ్లింది. సాయంత్రానికి అలాంటి ఫిర్యాదులు ఇంకో మూడు వచ్చాయి. నోడ్ ఇన్నాళ్లు లేదు కదా, రిపేర్ కొడితే సర్దుకుంటుందని, కాపీలన్నిటినీ పోల్చి ఒకేలా చేసే ఫుల్ రిపేర్ నడిపాం. దాంతో చెరిపేసిన అడ్రస్‌లు మూడు కాపీల్లోకీ చేరాయి.

కాసాండ్రాలో డిలీట్ చేస్తే డేటా వెంటనే పోదు. చెరిపినట్టు టూంబ్‌స్టోన్ అనే గుర్తు పడుతుంది. ఆ గుర్తుని జీసీ గ్రేస్ సెకండ్స్ అనే గడువు వరకు ఉంచుతారు. డీఫాల్ట్ 8,64,000 సెకన్లు, అంటే 10 రోజులు. గడువు దాటాక కంపాక్షన్ (డిస్కులోని ఫైళ్లని కలిపి శుభ్రం చేసే పని) జరిగినప్పుడు డేటాతో పాటు గుర్తు కూడా పోతుంది. పడి ఉన్న నోడ్ కోసం మిగతావి హింట్లు, అంటే దానికి అందని రైట్లు, దాచి పెడతాయి గానీ, అది డీఫాల్ట్‌గా మొదటి 3 గంటల వరకే. మా నోడ్ పోయిన తొలి మూడు రోజుల్లో చేసిన డిలీట్లు దానికి అందలేదు. అది లేచేసరికి మిగతా నోడ్లలో వాటి గుర్తులు కూడా పోతూ వచ్చాయి. ఒక నోడ్ "ఈ అడ్రస్ నా దగ్గర ఉంది" అంటోంది, మిగతా రెండింటి దగ్గరా ఏమీ లేదు. చెరిపారని సాక్ష్యం చెప్పే గుర్తు లేనప్పుడు ఉన్నదే నిజమవుతుంది. అప్లికేషన్ లాగుల్లోంచి డిలీట్లన్నీ ఏరి మళ్లీ నడపడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల టెన్షన్ నాకింకా గుర్తుంది.

నన్ను బాధపెట్టింది డేటా తిరిగి రావడం ఒక్కటే కాదు. ఆ నోడ్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా యూఎన్ అని లేచి కూర్చోవడం. తర్వాత 4.1 వెర్షన్‌లో దీన్ని పట్టుకునే స్టార్టప్ చెక్ ఒకటి వచ్చింది, కానీ డీఫాల్ట్‌గా అది ఆఫ్. కాసాండ్రా నడిపేవాళ్లు ఈరోజే దాన్ని ఆన్ చేసుకోండి.

ఇదే పరిస్థితి మాంగోడీబీలో ఎలా ఉంటుందో చూడండి. తిరిగొచ్చిన సెకండరీ (ప్రైమరీ కాని నోడ్) తాను ఆగిన చోటు నుంచి ఆప్‌లాగ్, అంటే మార్పులన్నీ వరుసగా రాసిన చిట్టా, చదువుకుని అందరితో కలుస్తుంది. డిలీట్లు కూడా ఆ వరుసలోనే ఉంటాయి. అది ఆగిన చోటు ఆప్‌లాగ్‌లో ఇంక లేకపోతే, నేను అందుకోలేనని ఎర్రర్ రాసి రికవరింగ్ స్థితిలో ఉండిపోతుంది. రీడ్లు తీసుకోదు. మీరు డేటా డైరెక్టరీ ఖాళీ చేసి ఇనిషియల్ సింక్ (వేరే నోడ్ నుంచి మొత్తం డేటా మళ్లీ కాపీ) చేయించాల్సిందే. రెండు టెరాబైట్ల డేటా ఉంటే అదేమీ చిన్న పని కాదు, గంటలు పడుతుంది, కాపీ ఇచ్చే నోడ్ మీద భారం పడుతుంది. అయినా తప్పు డేటా మాత్రం యూజర్ దాకా రాదు. నాకు కావాల్సింది అదే.

మాంగోడీబీలోనూ జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి. ఆప్‌లాగ్ డీఫాల్ట్ సైజు ఖాళీ డిస్కులో 5 శాతం, గరిష్ఠంగా 50 జీబీ. రాత్రిపూట భారీ బ్యాచ్ జాబ్ నడిస్తే ఆప్‌లాగ్‌లో రెండు రోజులు ఉండాల్సిన చరిత్ర కొన్ని గంటలకు కుంచించుకుపోతుంది. 4.4 నుంచి ఆప్‌లాగ్‌కి కనీస గంటలు పెట్టుకోవచ్చు. మేము 72 పెట్టాం, డిస్కు నిండకుండా అలర్ట్ కూడా పెట్టాం. ఇంకోటి, పాత ప్రైమరీ తిరిగొస్తే, మెజారిటీకి చేరని రైట్లు రోల్‌బ్యాక్ (రద్దు) అవుతాయి. 5.0 నుంచి డీఫాల్ట్ రైట్ కన్సర్న్ (ఎన్ని నోడ్లకి చేరితే రైట్ అయినట్టు అనే సెట్టింగ్) మెజారిటీ అయింది కాబట్టి ఆ భయం తగ్గింది. కానీ ఖర్చు కలిసొస్తుందని ఆర్బిటర్ (డేటా ఉంచుకోకుండా ఓటు మాత్రమే వేసే నోడ్) పెట్టుకున్న సెట్లలో ఆ డీఫాల్ట్ మారిపోవచ్చు. మూడో నోడ్‌కి డబ్బులు పెట్టండి, ఆర్బిటర్ వద్దు. షార్డింగ్ కూడా నిజంగా అవసరం పడేదాకా మొదలుపెట్టకండి. క్వెరీలని సరైన షార్డ్‌కి పంపే మాంగోస్‌లు, ఏ డేటా ఎక్కడుందో గుర్తుపెట్టుకునే కాన్ఫిగ్ సర్వర్లు వచ్చి చూసుకోవాల్సినవి ఒక్కసారిగా పెరుగుతాయి. షార్డ్ కీ (డేటాని ఏ ఫీల్డ్ బట్టి పంచాలో) పొరపాటుగా ఎంచుకుంటే 5.0 నుంచి రీషార్డింగ్ ఉంది గానీ అది ఆషామాషీ పని కాదు.

కాసాండ్రానే తీసుకోవాల్సిన సందర్భం ఒకటి గట్టిగా ఉంది: రెండు ఊళ్లలోనూ రాయాలనుకున్నప్పుడు. 2022 నవంబరులో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్ తెరిచాక, ముంబైలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి పెట్టుకోవడం మనవాళ్లకి సులువైంది. కాసాండ్రాలో రెండు చోట్లా మూడేసి కాపీలు, లోకల్ క్వోరమ్. ఒక ఊరు మొత్తం పోయినా రెండోది తన పని తాను చేసుకుంటుంది. మాంగోడీబీలో ఐదు నోడ్లని మూడు, రెండుగా పంచితే, మూడున్న ఊరు పోయినప్పుడు మిగిలిన రెండింటికీ మెజారిటీ రాదు, ప్రైమరీ ఉండదు. ఐదింటిని రెండు, రెండు, ఒకటిగా పంచి, ఓటు వేసే ఆ ఒక్కదాన్ని మూడో చోట పెట్టాల్సిందే. మీ అవసరం ఇదైతే నేను పైన చెప్పిన భయాలన్నీ పక్కనపెట్టి కాసాండ్రా తీసుకోండి. అయితే రిపేర్ బాధ్యత ఒక మనిషి పేరు మీద ఉండాలి. ప్రతి టేబుల్ రిపేర్ పది రోజుల్లోపు పూర్తి కావాలి, అందుకు రిపేర్లని వేళకి నడిపే రీపర్ అనే టూల్ వాడండి. పది రోజులు దాటి పడి ఉన్న నోడ్‌ని అలాగే స్టార్ట్ చేయకూడదు. డేటా తుడిచేసి, రీప్లేస్ అడ్రస్ ఆప్షన్‌తో కొత్త నోడ్‌లా ఎక్కించాలి.

కాసాండ్రా తరహాలోనే పనిచేసే సిల్లాడీబీ గురించీ అడుగుతున్నారు. డిస్కార్డ్ అనే చాట్ యాప్ 177 కాసాండ్రా నోడ్ల నుంచి 72 సిల్లా నోడ్లకి దిగింది, వేగంలో సందేహం లేదు. రిపేర్ అయ్యాకే టూంబ్‌స్టోన్లు తీసేసే మోడ్ కూడా అందులో ఉంది, నాకు నచ్చింది. కానీ 2024 డిసెంబరులో ఓపెన్ సోర్స్ లైసెన్స్ వదిలేస్తున్నట్టు ప్రకటించారు, అది చదివాకే ముందుకెళ్లండి. హెచ్‌బేస్ అనే డేటాబేస్ అయితే, అది ఆధారపడే హడూప్ వ్యవస్థని ఇప్పటికే నడుపుతున్నవాళ్లకే. అమెజాన్ తానే నడిపే డైనమోడీబీలో నోడ్లే మీ చేతిలో ఉండవు, ఈ చర్చ దానికి వర్తించదు.

మా కొత్త ప్రాజెక్టుకి మేం ముగ్గురమే, ఒకే రీజియన్. మాలో ఒకరు సెలవు పెడితే రిపేర్ ఆలస్యమయ్యే మాట వాస్తవం. అందుకే మాంగోడీబీ. పాత కాసాండ్రా క్లస్టర్ మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. సోమవారం పొద్దున్నే మెయిల్ కన్నా ముందు రీపర్ స్క్రీన్ తెరుస్తాను, ఏ టేబుల్ ఆఖరి రిపేర్ ఎప్పుడైందో ఒక్కో తేదీ చూసుకుంటూ కిందికి వస్తాను.