హాన్‌ఫోర్డ్ ట్యాంకుల్లోని అణు వ్యర్థం: గాజు మేలా, గ్రౌట్ మేలా?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఆగ్నేయాన, కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫోర్డ్ అణు కేంద్రం ఉంది. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద వేసిన బాంబులోని ప్లుటోనియం ఇక్కడే తయారైంది. చివరి రియాక్టర్ 1987లో ఆగింది గానీ, ప్లుటోనియం వేరుచేయగా మిగిలిన వ్యర్థం ఎక్కడికీ పోలేదు. 5.6 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 21 కోట్ల లీటర్ల వ్యర్థం నేలలో పాతిన 177 ట్యాంకుల్లో ఉంది. వాటిలో 149 ట్యాంకులకు ఉక్కు గోడ ఒక్కటే. మహా అయితే పాతికేళ్ళు పనికొస్తాయని కట్టినవి అవి, పాతవాటికి ఇప్పుడు ఎనభై ఏళ్ళు. 67 ట్యాంకులు కారి ఉంటాయని, సుమారు పది లక్షల గ్యాలన్లు మట్టిలోకి దిగిపోయిందని అంచనా.

ఈ వ్యర్థాన్ని గట్టిపరిచి పూడ్చాలన్న దానిలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. తీవ్రమైన రేడియోధార్మికత ఉన్న అడుగు బురదను గాజుగా మార్చాల్సిందే. మన దేశంలోనూ తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో అలాంటి వ్యర్థాన్ని బోరోసిలికేట్ గాజులోనే బంధిస్తారు. పేచీ అంతా మిగతా దాని గురించి. పరిమాణంలో అదే 90 శాతం. సీజియం వంటి తీవ్ర రేడియోధార్మిక మూలకాలు తీసేశాక తక్కువ రేడియోధార్మికతతో మిగిలే ఉప్పు ద్రవం అది. దాన్ని గాజు చేయాలా, సిమెంటుతో కలిపి దిమ్మగా గట్టిపరచాలా (దీన్నే గ్రౌట్ అంటారు)?

గాజు పద్ధతిలో ఆ ద్రవాన్ని ఇసుక లాంటి ముడి పదార్థాలతో కలిపి, ఒక్కొక్కటి 300 టన్నుల బరువుండే మెల్టర్లలో సుమారు 1,150 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి, స్టెయిన్‌లెస్ స్టీల్ డబ్బాల్లో పోస్తారు. ఆ డబ్బాలను హాన్‌ఫోర్డ్‌లోనే పూడుస్తారు. గాజు నీటికి చాలా మెల్లగా కరుగుతుంది. అంత వేడికి నైట్రేట్లు, సేంద్రియ రసాయనాలు నాశనమవుతాయి. ప్రమాదకర వ్యర్థాల చట్టం అడిగేది కూడా అదే: రేడియోధార్మికత ఒక్కటే కాదు, రసాయనాల సంగతీ తేల్చాలి.

అయితే గాజు గురించి చెప్పేటప్పుడు చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. నేలలో నీటితో పాటు సులువుగా ప్రయాణించే టెక్నీషియం-99, అయోడిన్-129 అనే రేడియోధార్మిక పదార్థాలు ఆ వేడికి కొంత ఆవిరైపోతాయి. మొదటిదాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 2 లక్షల ఏళ్ళకు పైనే, రెండోదానిది కోటిన్నర ఏళ్ళు. పొగలోంచి వాటిని పట్టుకున్న ఫిల్టర్లను, ఆ పొగను కడిగిన నీటిలో మిగిలినదాన్ని చివరికి గ్రౌట్ లాంటి వాటితోనే గట్టిపరచాలి. కాబట్టి గాజు ఎంచుకుంటే గ్రౌట్ బెడద తప్పినట్టేమీ కాదు.

ఇక కాలం. గాజు ప్లాంటు నిర్మాణం 2002లో మొదలైంది. గడువులు దాటాయి, కేసులు నడిచాయి, కోర్టు తేదీలు మారాయి. అసలు వ్యర్థంతో గాజు పోయడం 2025 అక్టోబరులో గానీ మొదలవలేదు. ఈ మధ్యలో ట్యాంకులు తుప్పు పడుతూనే ఉన్నాయి. రెండు గోడల ట్యాంకుల్లో ఒకదాని లోపలి గోడ కారుతోందని 2012లో తేలింది. 2021లో బి-109 అనే పాత ట్యాంకు కారుతోందని ప్రకటించారు.

గ్రౌట్ సంగతి వేరు. సిమెంటు, ఫ్లై యాష్, స్లాగ్‌లతో వ్యర్థాన్ని కలిపి, స్లాబుకు కాంక్రీటు కలిపినట్టే మామూలు ఉష్ణోగ్రతలో గట్టిపరుస్తారు. కొలిమి లేదు, రేడియోధార్మిక పొగ లేదు. త్వరగా మొదలుపెట్టొచ్చు, ఆదా వేల కోట్ల డాలర్లలో ఉంటుంది. సౌత్ కరోలినాలోని సవానా రివర్ కేంద్రం 1990 నుంచి ఇదే చేస్తోంది. తీవ్రమైన బురదను మాత్రం అక్కడ 1996 నుంచి గాజుగా మారుస్తున్నారు.

గ్రౌట్ లోపం నైట్రేట్లు. అవి నాశనం కావు, దిమ్మలోనే ఉండి కాలక్రమంలో నీటిలోకి దిగుతాయి. పైగా వ్యర్థం పరిమాణం పెరుగుతుంది. హాన్‌ఫోర్డ్‌లో 1989 నాటి ఆలోచన గ్రౌటే. ఆ ఏడాది ఇంధన శాఖ, పర్యావరణ పరిరక్షణ సంస్థ, వాషింగ్టన్ రాష్ట్ర ఎకాలజీ శాఖ కలిసి త్రైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి. అక్కడి నేల, నది గురించి జనం అభ్యంతరాలు చెప్పాక 1994కల్లా గాజుకు మారారు. ఆ అభ్యంతరం ఇవాళా చెల్లుతుంది. 1855 ఒప్పందం ద్వారా ఆ నదిలో చేపలు పట్టే హక్కు నిలుపుకున్న అక్కడి ఆదివాసులు, యాకమా జాతివారికి నది సంగతి రాబోయే తరాల సంగతి కాదు, నిత్య జీవనం.

నా లెక్కలో తేడా తేల్చేది పదార్థం కన్నా పూడ్చే చోటు. హాన్‌ఫోర్డ్‌లోనే పూడిస్తే గాజుకే నా ఓటు, ఖర్చు ఎక్కువైనా సరే. నీరు చేరితే దారి చివరికి కొలంబియాకే కాబట్టి. కానీ గ్రౌట్ దిమ్మలను టెక్సస్‌లోని ఎర్ర బంకమట్టి పొరల్లోకో, భూగర్భజలం ఉప్పగా ఉండి తాగడానికి పనికిరాని యూటాలోని క్లైవ్‌కో పంపితే, నైట్రేట్ల మీద ఉన్న భయం చాలావరకు తగ్గుతుంది. అప్పుడు గ్రౌటే మేలు, ఎందుకంటే ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది.

2025 జనవరిలో ఖరారైన కొత్త ఒప్పందం ఈ దారినే పట్టింది. గాజు ప్లాంటు తన పని తాను చేస్తుంది. పశ్చిమ భాగంలోని 22 ట్యాంకుల్లో తక్కువ రేడియోధార్మికత ఉన్న భాగాన్ని మాత్రం గ్రౌట్ చేసి రాష్ట్రం బయట పూడుస్తారు. ఆ ట్యాంకులను 2040కి ఖాళీ చేయాలన్నది గడువు.

ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టాలనిపిస్తుంది. వ్యర్థం ద్రవంగా లారీల్లోనో రైళ్ళలోనో ఊళ్ళ మీదుగా పోకూడదు. హాన్‌ఫోర్డ్ కంచె లోపలే గట్టిపరిచి, దిమ్మగా మారాకే పంపాలి. కారిన ద్రవాన్ని ఎత్తిపోయడం ఎంత కష్టమో ఆ ట్యాంకుల కింది మట్టే చూపిస్తోంది.