జీపార్టెడ్: ఖాళీ చోటు విడగొట్టడంలో దిట్ట, ఆ తర్వాతి పని మనదే

లినక్స్ వేసుకున్నాక డిస్కులో మిగిలిపోయిన ఖాళీ చోటు ఫైల్ మేనేజర్‌లో కనిపించనే కనిపించదు. దాన్ని వాడకంలోకి తేవాల్సి వచ్చినప్పుడల్లా, చాలా ఏళ్లుగా నేను తెరిచేది జీపార్టెడ్‌నే. డిస్కును పార్టిషన్లుగా, అంటే విడి భాగాలుగా విడగొట్టేందుకు 2004లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. చూడ్డానికి ఇప్పటికీ పాతకాలం దానిలాగే ఉంటుంది, నాకు అదేం అభ్యంతరం కాదు.

బాగా నచ్చింది దీని నిదానం. పార్టిషన్ పెట్టమన్నా, ఉన్నది తీసేయమన్నా వెంటనే చేసేయదు. చెప్పిన పనులన్నీ కింద వరుసగా పెట్టుకుని, పైనున్న టిక్ గుర్తు నొక్కాకే డిస్కును ముట్టుకుంటుంది. ఈలోపు మనసు మారితే అన్‌డూ ఉంది. కొత్త పార్టిషన్ టేబుల్ (డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పట్టిక) మాత్రం దీనికి మినహాయింపు. అది వరుసలో చేరదు, ఓ హెచ్చరిక చూపించి అప్పటికప్పుడే రాసేస్తుంది. కాబట్టి పై మూలన ఉన్న డిస్కు పేరు, సైజు చూసుకోకుండా ఆ మెనూ జోలికి పోవద్దు. టేబుల్ రకం అడిగితే జీపీటీ ఎంచుకోండి. పాత ఎంఎస్‌డాస్ రకంలో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే, 2 టీబీ దాటిన చోటు అందదు.

నా అసలు ఫిర్యాదు ఫార్మాట్ అయ్యాక మొదలవుతుంది. ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో ఫైళ్లు భద్రపరిచే పద్ధతి) పార్టిషన్ తయారైందని పచ్చ టిక్ వస్తుంది గానీ, అందులో ఫైలు పెట్టబోతే పర్మిషన్ లేదంటుంది. కొత్త పార్టిషన్ రూట్ (సిస్టమ్ అడ్మిన్ ఖాతా) పేరు మీద ఉంటుంది మరి. చోన్ (chown) కమాండ్‌తో మన పేరుకు మార్చుకోవాలి. బూట్ కాగానే దానంతటదే మౌంట్ కావాలంటే (వాడుకోవడానికి సిస్టమ్‌కు జతపడాలంటే) ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (fstab) అనే సెట్టింగుల ఫైల్లో ఆ పార్టిషన్ గుర్తింపు కోడ్ యూయూఐడీ (UUID) రాయాలి. పక్కనే నోఫెయిల్ (nofail) కూడా రాస్తే, ఆ డిస్కు లేని రోజు బూట్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోదు. వీటి గురించి జీపార్టెడ్ ఒక్క ముక్క చెప్పదు. కొత్తవాళ్లకు టెన్షన్ ఇక్కడే. పైగా ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం అట్టిపెడుతుంది. 1 టీబీ డిస్కులో అది దాదాపు 50 జీబీ! సినిమాలు, ఫొటోలు దాచుకునే పార్టిషన్‌కు అంత అక్కర్లేదు, ట్యూన్2ఎఫ్ఎస్ (tune2fs) కమాండ్‌తో తగ్గించుకోవచ్చు.

జీపార్టెడ్ చూపే పట్టీలో ఖాళీ చోటు పార్టిషన్‌కు కుడివైపున ఉంటే కలుపుకోవడం క్షణాల్లో పని. ఎడమవైపున ఉంటే మాత్రం డేటా అంతా జరగాలి, గంటలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోతే ఫైళ్లు దక్కుతాయన్న భరోసా లేదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో నేనైతే ఆ పని పెట్టుకోను, ఎడమ చోటును విడి పార్టిషన్‌గా చేసి మౌంట్ చేసుకుంటాను. వాడకంలో ఉన్న రూట్ పార్టిషన్‌ను (లినక్స్ ఉన్నది) కుదించాలంటే లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) నుంచి బూట్ కావాల్సిందే. ఎక్స్‌ఎఫ్ఎస్ అనే మరో ఫార్మాట్ అయితే దీనితో కుదించడం కుదరదు. విండోస్ పార్టిషన్‌ను కుదించే ముందు అక్కడి ఫాస్ట్ స్టార్టప్ ఆపి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి.

ఒక్క పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయడానికైతే గ్నోమ్ డిస్క్స్ అనే టూల్ చాలు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసే పని కూడా అదే చేసిపెడుతుంది. అందుకే ఇప్పుడు విడగొట్టడం జీపార్టెడ్‌లో, మౌంట్ సెట్టింగులు డిస్క్స్‌లో చేసుకుంటున్నాను.