ప్రాగ్‌లో యూరోలు మార్చుకునేవాళ్లు జాగ్రత్త: రసీదు పారేయకండి

వియన్నా టూర్ అయిపోయి జర్మనీ టూర్ మొదలయ్యేలోపు చెక్ దేశ రాజధాని ప్రాగ్‌లో ఒక రోజు ఖాళీగా వదిలే ప్యాకేజీలు మనవాళ్లు చాలామంది తీసుకుంటున్నారు. ఆ రోజు గైడ్ ఉండరు, బస్సు ఉండదు, మన తిరుగుడు మనదే. ఊరు చాలా అందమైనది, తప్పకుండా చూడండి. కానీ ఓల్డ్ టౌన్‌లో ఒక డబ్బు మార్పిడి కౌంటర్ మా రోజంతా పాడుచేసింది. ఇంకెవరికీ అలా కాకూడదని వివరంగా రాస్తున్నాను.

చెక్ దేశం యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నా అక్కడి డబ్బు యూరో కాదు, కొరునా. వియన్నాలో మిగిలిన యూరోలు చేతిలో ఉంటాయి కాబట్టి దిగగానే అందరం మార్పిడి కౌంటర్ల కోసమే వెతుకుతాం. ఓల్డ్ టౌన్‌లో 1410లో పెట్టిన ఖగోళ గడియారం ఒకటుంది, దాని దగ్గర గంట గంటకూ జనం పోగవుతారు, ఈ కౌంటర్లూ ఆ చుట్టుపక్కలే ఎక్కువ. మేం వెళ్లినదాని మీద 'కమీషన్ సున్నా శాతం' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మా మామయ్యగారు 200 యూరోలు ఇచ్చారు. లోపలి మనిషి ముందు రసీదు మీద సంతకం పెట్టించుకుని, ఆ తర్వాతే నోట్లు బయటికి నెట్టాడు. లెక్కపెడితే 3,400 కొరునాలు, అంటే యూరోకి 17. ఆ రోజు అసలు రేటు 25కి కాస్త అటూఇటూగా ఉంది. అంటే దాదాపు మూడో వంతు పోయినట్టే. కమీషన్ లేదన్న మాట నిజమే, లాగేసిందంతా రేటులోనే.

వెనక్కి ఇమ్మంటే "సంతకం పెట్టారు కదా" అని ముఖం తిప్పేసుకున్నాడు. చాలామంది ఇక్కడే వదిలేసి వెళ్లిపోతారు. వదిలేయకండి. 2019 ఏప్రిల్ నుంచి అక్కడ ఒక చట్టం అమల్లో ఉంది: 1,000 యూరోల లోపు మార్చుకుంటే, మూడు గంటల్లోగా అదే కౌంటర్‌కి వెళ్లి ఆ లావాదేవీ రద్దు చేసుకోవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు, రుసుమూ ఉండదు. సంతకం పెట్టినా ఆ హక్కు పోదు. హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి చెబితేనే మాకు తెలిసింది. రసీదు పట్టుకుని మళ్లీ వెళ్లాం. మేనేజర్ లేడన్నాడు, రేపు రమ్మన్నాడు. ఈ కౌంటర్ల మీద అజమాయిషీ చెక్ నేషనల్ బ్యాంకుది, అక్కడికే ఫిర్యాదు రాస్తామని గట్టిగా చెప్పాక యూరోలు తిరిగి ఇచ్చాడు. డబ్బు వచ్చింది గానీ పొద్దు పోయింది. ప్రాగ్ కోట లోపలి భవనాలు వేసవిలో కూడా సాయంత్రం 5 గంటలకే మూసేస్తారు. ఆ కోట చూడాలని అత్తయ్య ఎంతో ఆశపడ్డారు, గేటు దగ్గర నుంచే వెనక్కి రావాల్సి వచ్చింది. నా కోపమంతా అందుకే.

కాబట్టి నోట్లు ఇవ్వకముందే "200 యూరోలకి చేతికి ఎన్ని కొరునాలు వస్తాయి?" అని అడిగి, ఆ అంకె కాగితం మీద రాయించుకోండి. ఫోన్‌లో ఆ రోజు రేటుతో పోల్చి చూసుకోండి. తేడా ఎక్కువగా ఉంటే నడవండి, ఇంకో వీధిలో మంచి రేటు ఇచ్చేవాళ్లు ఉన్నారు.

ఇంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. కౌంటర్ బయట ఎవరో వచ్చి "నేను మంచి రేటిస్తాను" అంటారు. అస్సలు ఆగొద్దు. వాళ్లు ఇచ్చేవి చాలాసార్లు బెలారస్ పాత రూబుళ్లు, 2016లో ఆ దేశం డబ్బు మార్చాక చెల్లకుండా పోయినవి. వీధి మనిషి ఇచ్చినదానికి రసీదు ఉండదు, మూడు గంటల హక్కూ ఉండదు. అసలు 100 కొరునాల నోటు మీద నాలుగో చార్లెస్ బొమ్మ ఉంటుంది. మీరు నడిచే చార్లెస్ వంతెనకు 1357లో పునాది వేయించిన రాజు ఆయనే, గుర్తుపెట్టుకోవడం తేలిక.

ఏటీఎంలో తీస్తే, రూపాయల్లో లెక్క కట్టమంటారా అని తెర మీద అడుగుతుంది. వద్దని చెప్పి కొరునాల్లోనే తీసుకోండి, రూపాయల లెక్కలో వాళ్ల లాభం కలిసి ఉంటుంది. నిజానికి ఒక్క రోజుకి ఎక్కువ నగదు అవసరమే పడదు, హోటళ్లలో, షాపుల్లో, ట్రామ్‌లో కూడా కార్డు నడుస్తుంది. టాయిలెట్లకు చిల్లర ఉంటే చాలు. ఓల్డ్ టౌన్ స్క్వేర్ బండ్ల మీద హామ్ (పంది మాంసం) కొనేవాళ్లు మాత్రం చూసుకోండి, బోర్డు మీద ధర 100 గ్రాములకి. ముక్క కోయకముందే ఎంత కావాలో చెప్పండి.

అమ్మానాన్నల్ని ఒంటరిగా గ్రూప్‌తో పంపుతున్నవాళ్లు ఆ మూడు గంటల సంగతి వాళ్లకి వాట్సాప్‌లో రాసి పెట్టండి. కౌంటర్ దగ్గర చూపించడానికి ఇంగ్లిష్‌లో కూడా ఒక వాక్యం రాసివ్వండి.