"కారు తెచ్చేయండి అన్నా, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. నమ్మి వెళ్ళాను

మొన్న ఆదివారం జరిగింది. కోపం ఇంకా తగ్గలేదు. సొంత కారుతో ట్రాక్ మీద డ్రైవింగ్ నేర్పిస్తామనే స్కూళ్ళకి ఫీజు కట్టబోయేవాళ్ళు ఉంటే ముందు ఇది చదవండి. కేసు వేసే పనిలో ఉన్నాను కాబట్టి స్కూల్ పేరు రాయడం లేదు.

నాకు రేసుల పిచ్చి లేదు. పోయిన వానాకాలంలో చిలకలూరిపేట దాటాక ముందు లారీ సడన్‌గా ఆగింది. బ్రేక్ తొక్కితే ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) పనిచేసి పెడల్ కాలికింద టకటకా కొట్టుకుంది. ఏదో విరిగిపోయిందనుకుని కాలు తీసేశాను. జానెడు దూరంలో బతికిపోయాం. వెనక సీట్లో పిల్లలున్నారు. అప్పుడే అనుకున్నాను, పదేళ్ళుగా నడుపుతున్నా నాకు బ్రేక్ తొక్కడమే రాదు, సరిగ్గా నేర్చుకోవాలని.

ఒక రోజుకి 28,000. ఆరు సెషన్లు, ప్రతి సెషన్‌లో పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్, ముందుగా కారు పూర్తి తనిఖీ. ఇవీ ఒప్పుకున్నవి. ఫోన్‌లో మాట్లాడింది మన తెలుగతనే. కారుకి ముందుగా ఏమైనా చేయించాలా అని నేను రెండుసార్లు అడిగాను. "ఏం అక్కర్లేదన్నా, కారు తెచ్చేయండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ మాట పట్టుకుని విజయవాడ నుంచి నా పోలో వేసుకుని, తోడుగా మా బామ్మర్దిని తీసుకుని చెన్నై వైపు వెళ్ళాను.

పొద్దున ఆరున్నరకి గేటు దగ్గర నాలుగు పేజీల కాగితం చేతిలో పెట్టారు. వెనక కార్లు హారన్ కొడుతుంటే చదవకుండా సంతకం పెట్టేశాను. ఆ తప్పు నాదే. అంతకుముందు రోజే ఆ కాగితం పంపమని అడిగి ఉండాల్సింది.

తనిఖీ చేసింది ఫోన్‌లో మాట్లాడినతనే. బానెట్ ఎత్తలేదు. చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడలేదు. బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని చక్రాల బ్రేకుల దాకా చేర్చే ద్రవం) ఎప్పుడు మార్చారని అడగలేదు. డిక్కీలో ఉన్న జాకీ కూడా తీయమనలేదు. టైర్ల వంక ఒక చూపు చూసి, అద్దం మీద పచ్చ స్టిక్కర్ అతికించి, తర్వాతి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. నిమిషం కూడా పట్టలేదు. ఆ స్టిక్కర్ చూసి నా కారు బాగుందనే అనుకున్నాను.

పదకొండు కార్లకి ఇద్దరే ఇన్‌స్ట్రక్టర్లు. నా పక్కన ఒకతను మొదటి సెషన్‌లో కూర్చున్నాడు, మళ్ళీ ఎక్కలేదు. మూడో సెషన్‌లో పెడల్ మెత్తబడింది, మామూలు కన్నా లోపలికి దిగుతోంది. ఆపి ఆ ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పాను. "కొత్తవాళ్ళందరికీ అలాగే అనిపిస్తుంది, ఇంకాస్త గట్టిగా తొక్కండి" అన్నాడు. వంగి చక్రం వైపు కూడా చూడలేదు. నాకు నేర్పడానికి వచ్చినవాడు చెప్పాడు కదా అని మళ్ళీ వెళ్ళాను.

నాలుగో సెషన్, పొడవాటి స్ట్రెయిట్ చివర, మీటర్ మీద 140. బ్రేక్ తొక్కితే పెడల్ నేలకి అంటుకుంది. ఏమీ లేదు కాలికింద. రెండుమూడు సార్లు గబగబా తొక్కితే కొంచెం పట్టింది, గేర్ దించాను. కంకర దాటుకుని వెళ్ళి టైర్ల గోడకి కొట్టుకున్నాను. దేవుడి దయ, సీట్ బెల్ట్ ఒరుసుకుని భుజం కమిలింది, అంతే. బంపర్, రేడియేటర్, బానెట్, ఒక హెడ్‌లైట్ పోయాయి. ట్రాక్ మార్షల్స్ మాత్రం క్షణాల్లో వచ్చి నన్ను బయటికి తీశారు. వాళ్ళకి దణ్ణం పెడతాను.

ఎందుకిలా అయిందో ఇంటికొచ్చాక మా మెకానిక్ చెప్పాడు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస లెక్క 155 కి పడిపోతుంది. ట్రాక్ మీద మళ్ళీ మళ్ళీ గట్టిగా తొక్కితే ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఫ్లూయిడ్ మరిగితే లైన్లో ఆవిరి చేరుతుంది. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది, అందుకే పెడల్ ఊరికే దిగిపోతుంది. నాది మార్చి మూడేళ్ళు దాటిందట. రోడ్డు మీద నాకెప్పుడూ తేడా తెలియలేదు. ఇది మెకానిక్‌కి తెలిసినప్పుడు, డబ్బు తీసుకుని నేర్పేవాళ్ళకి తెలియదా? పెడల్ మెత్తబడిందని నేను చెప్పినప్పుడైనా తెలియాలి కదా?

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. నేను అంబులెన్స్ మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాను. కారుని తాడు కట్టి షెడ్డు పక్కకి లాక్కొచ్చారు. ఫోన్‌లో మాట్లాడినతను కారు దగ్గరికి వెళ్ళాడు. నాకేమైందో అడగడానికి రాలేదు. పగిలిన భాగాలు చూడలేదు. అద్దం మీదికి వంగి, గోటితో ఆ పచ్చ స్టిక్కర్ గీకి తీశాడు. ఉండ చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మా బామ్మర్ది కూడా చూశాడు. "బావా, చూశావా ఏం చేస్తున్నాడో" అన్నాడు. లేచి వెళ్ళి అడిగాను. పొద్దుటిదాకా అన్నా అన్నవాడు నన్ను సార్ అన్నాడు. "మీ కారు కండిషన్ మీ బాధ్యత సార్, సంతకం పెట్టారు కదా" అన్నాడు. టైర్ల గోడ రిపేరుకి 15,000 కట్టి బండి తీసుకెళ్ళమన్నాడు. కట్టాను. కట్టకపోతే కారు బయటికి పంపరు. కారు పోయినందుకు కాదు, ఆ స్టిక్కర్ గీకిన చెయ్యి గుర్తొస్తే నాకు నిద్ర పట్టడం లేదు.

ట్రక్ మీద కారు విజయవాడ చేర్చడానికి 24,000. రిపేర్ అంచనా 1,86,000. బీమా కంపెనీ ఇవ్వనంది. పాలసీ తీసి చూడండి, రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాడకానికి కవర్ లేదని రాసే ఉంటుంది. ఇది ట్రైనింగే కదా అని వాదించాను, వినలేదు.

వెళ్ళాలనుకుంటే ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎన్ని కార్లో రాతపూర్వకంగా అడగండి. సంతకం పెట్టాల్సిన కాగితం రెండు రోజుల ముందు తెప్పించుకోండి. బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తది పోయించండి, ప్యాడ్లు చూపించుకోండి. పెడల్ మెత్తబడితే ఎవరేమన్నా మళ్ళీ ట్రాక్ ఎక్కకండి.

నేను వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు, చెన్నై తిరగక్కర్లేదు. హెల్ప్‌లైన్ 1915 కి కూడా చెప్పాను. పొద్దున మా బామ్మర్ది తీసిన ఫోటోలో అద్దం మీద స్టిక్కర్ స్పష్టంగా ఉంది. గీకి తీస్తున్నప్పటిది లేదు. ఆ ఆదివారం నా వెనకే షెడ్డు దగ్గర ఆగిన తెల్ల స్విఫ్ట్ అన్న ఇది చదువుతుంటే, మీ డాష్‌క్యామ్ ఆన్‌లోనే ఉంది, లైట్ వెలగడం చూశాను. ఆ పది నిమిషాల వీడియో నాకు పంపండి.