కడుపులో ఉండిపోయిన వృషణానికి ఆపరేషన్: మా గుర్రాన్ని ఈ ఆసుపత్రిలో చూపించిన అనుభవం

మొయినాబాద్ వైపు పిల్లలకు స్వారీ నేర్పే చిన్న స్కూలు నడుపుతున్నాను. గుర్రానికి జ్వరమొచ్చినా, కాలు కుంటినా చూసే డాక్టర్లు మా చుట్టుపక్కల ఉన్నారు. వృషణం దిగని గుర్రాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. అందుకే ఈ ఆసుపత్రి గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. నా వరకు ఐదుకు ఐదు స్టార్లు.

మా బాద్‌షా నాలుగేళ్ల మార్వాడీ జాతి గుర్రం, నుక్రా, అంటే తెల్లది. మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా గుర్రాల సంతలో ఆఖ్తా గుర్రమని, అంటే వృషణాలు తీసేసిందని చెప్పి అమ్మారు. కింద సంచి ఖాళీగానే ఉంది. ఇంటికొచ్చి కుదురుకున్నాక అసలు సంగతి బయటపడింది. ఆడ గుర్రం కనిపిస్తే చాలు సకిలింపు, పై పెదవి ఎత్తి వాసన పట్టడం, తాడు తెంపుకుని మీదికెక్కబోవడం. ఎనిమిదేళ్ల పిల్ల జీను మీద ఉండగా ఇలా చేస్తే ఎంత టెన్షనో గుర్రాలు పెంచేవాళ్లకు చెప్పక్కర్లేదు. "విత్తులు కొట్టాక కూడా కొన్నిటికి పాత అలవాటు పోదు, నాలుగు తగిలిస్తే దారికొస్తుంది" అని ముందు చూసినాయన తేల్చేశారు. అలవాటు పోని ఆఖ్తాలు ఉన్న మాట నిజమే. కానీ ఇది అలవాటా, లోపల వృషణం ఉందా అన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. దెబ్బలతో తేలే విషయం కాదు.

ఇక్కడి డాక్టరు గారు మొదటి రోజు ఆపరేషన్ ఊసే ఎత్తలేదు. మత్తు సూది వేసి, వాడు తల వాల్చి నిలబడ్డాక, గజ్జల్లో వేళ్లు పెట్టి చాలాసేపు తడిమి చూశారు. కుడివైపు పాత కోత మచ్చ తగిలింది, ఎడమవైపు ఏమీ లేదు. నా చెయ్యి కూడా పట్టుకుని ఆ మచ్చ మీద పెట్టించారు. చర్మం కింద గట్టిగా, ముడి పడ్డట్టు ఉంది. అయినా మచ్చను బట్టి నిర్ణయానికి రాకూడదని రక్తపరీక్ష చేశారు. ముందొకసారి రక్తం తీసి, హెచ్‌సీజీ అనే హార్మోను 10,000 యూనిట్లు నరానికి ఇచ్చి, రెండు గంటల తర్వాత మళ్లీ తీశారు. సంతానం కోసం వైద్యం చేయించుకునే ఆడవాళ్లకు ఇచ్చే ఇంజెక్షనే ఇది, మందుల షాపులో దొరుకుతుంది. వృషణం ఎక్కడ దాగి ఉన్నా ఈ మందు పడితే రక్తంలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను పెరుగుతుంది, రెండూ తీసేసిన గుర్రంలో పెరగదు. ఏడాదిన్నర నిండని గుర్రపు పిల్లల్లో ఈ పరీక్షను నమ్మలేమట. బాద్‌షాకు రెండో శాంపిల్లో బాగా పెరిగింది. ఆ తర్వాత మలద్వారం వైపు నుంచి స్కాన్ చేస్తే, ఎడమపక్క మూత్రాశయానికి దగ్గర్లో బూడిదరంగు ముద్ద కనిపించింది.

అసలు ఇలా ఎందుకవుతుందో డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. తల్లి కడుపులో చివరి నెల మొదలుకొని, పుట్టిన పది రోజుల లోపు రెండు వృషణాలూ గజ్జల దారిలోంచి సంచిలోకి దిగాలి. పుట్టిన కొద్ది వారాలకే లోపలి ద్వారం బిగుసుకుపోతుంది. అప్పటికి కడుపులోనే ఉండిపోయింది ఇక దిగదు. ఒంటి వేడికి అందులో వీర్యకణాలు తయారు కావు, మగ హార్మోను మాత్రం తయారవుతూనే ఉంటుంది. "దిగనిదాన్ని ముందు తీయాలి మేడమ్, దిగినదాన్ని తర్వాత. అది దొరక్కపోతే రెండోదాన్ని ముట్టుకోకూడదు" అన్నారు. దిగిన ఒక్కదాన్ని కోసేసి ఆఖ్తా అని అమ్మడం మోసం. కొన్నవాడికే కాదు, ఆ గుర్రాన్ని పట్టుకునే సైస్‌కూ (గుర్రాన్ని చూసుకునే మనిషికి) ప్రాణాపాయమే. దీని మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఆపరేషన్ పూర్తి మత్తులో, వెల్లకిలా పడుకోబెట్టి చేశారు. ముందు రాత్రి నుంచి మేత బంద్, ధనుర్వాతం టీకా. అద్దం ఇవతల నిలబడి చూడనిచ్చారు. కడుపు పెద్దగా కోయలేదు. గజ్జల దగ్గర కోత పెట్టి, అక్కడున్న సన్నటి తెల్లటి పోగును పట్టుకుని మెల్లగా లాగితే ముందు ఎపిడిడిమిస్ (వృషణానికి అంటుకుని ఉండే గొట్టం) తోక వచ్చింది, దాని వెంట వృషణం. తీసినదాన్ని ట్రేలో తెచ్చి, రెండుగా కోసి చూపించారు. నానిన ఖర్జూరంలా మెత్తగా, జారిపోతూ ఉంది. చేతికి తగిలిన ఎపిడిడిమిస్‌నే చిన్న వృషణం అనుకుని దాన్ని మాత్రమే తీసి కుట్టేసిన కేసులు ఉంటాయట. అందుకే కోసి చూపించకుండా ఎవరినీ పంపరు. ముక్కను ల్యాబ్‌కు కూడా పంపారు.

నన్ను ఎక్కువ భయపెట్టింది మత్తు దిగే సమయం. తూలుతూ లేవబోయి కాలు విరగ్గొట్టుకున్న గుర్రాల సంగతి విన్నాను. ఇక్కడ గోడలకు, నేలకు మందపాటి పరుపులు వేసిన గది ఉంది. దీపాలు తగ్గించి, తలకో తాడు, తోకకో తాడు కట్టి పట్టుకున్నారు. ఒక్క మాట బయటికి రానివ్వలేదు. మొదటిసారి లేవబోతే ఆపారు, రెండోసారి నిలబడ్డాడు. ఆ కుర్రాళ్ల ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

గాయంలో పెట్టిన గుడ్డ మర్నాడు తీశారు. ఆ రాత్రంతా పేగు ఏమైనా జారుతోందా అని గంటగంటకూ లైటు వేసి చూశారు. తర్వాత వాపు బాగానే వచ్చింది, రోజూ చేత్తో పట్టుకుని నడిపిస్తే తగ్గింది. గుణం వెంటనే మారదని ముందే చెప్పారు. హార్మోను తగ్గడానికి వారాలు పడుతుంది, నేర్చుకున్న అలవాటుకు శిక్షణ కావాలి. అప్పటిదాకా ఆడ గుర్రాల నుంచి దూరంగానే కట్టాం. ఇప్పుడు పిల్లల క్లాసులో వరసలో నిలబడుతున్నాడు.

రెండు లోపాలు కూడా చెప్పాలి. గుర్రాన్ని బండిలోంచి దించే ర్యాంపు మరీ నిటారుగా ఉంది, వానలో జారుతుంది. సాయంత్రం ఆరు దాటితే రిసెప్షన్ ఫోన్ ఎత్తరు, డాక్టరు గారి నంబరు ముందే తీసుకోండి. ఖర్చు తక్కువేం కాదు, కానీ రక్తపరీక్ష, స్కాన్, మత్తు, ఆపరేషన్ దేనికెంతో ముందే రాసిచ్చారు, బిల్లు దాన్ని దాటలేదు.

వెళ్లేవాళ్లు గుర్రాన్ని ఎప్పుడు, ఎవరు కోశారో తెలిసినంత రాసుకుని వెళ్లండి. వాడికి అలవాటైన సైస్‌ను వెంట తీసుకెళ్లండి. ఒక్క వృషణమే దిగిన గుర్రం మీ దగ్గరుంటే, ఎంత అందంగా ఉన్నా దాన్ని ఆడ గుర్రాలకు దాటించొద్దు. ఈ లోపం తండ్రి నుంచి పిల్లలకు రావొచ్చు.